పాప చెవిలో చెప్పిన పేరు

నా ఉద్యోగం పేర్లు పిలవడం. హనుమకొండలో ఒక పిల్లల దవాఖానలో డాక్టరమ్మ గది ముందు నిలబడి, చేతిలో చీటీలు పెట్టుకుని, ఒక్కొక్కరినీ లోపలికి పంపుతాను. పద్నాలుగేళ్లుగా ఇదే పని. బరువు చూడటం, జ్వరం చూడటం కూడా నా పనులే కానీ వాటిని ఎవరైనా చేస్తారు. నలభై మంది పిల్లలు ఏడుస్తున్న హాలులో, చివరి కుర్చీలో కూర్చున్న తల్లికి వినపడేలా, ఆమె ఉలిక్కిపడకుండా ఒక పేరు పిలవడం మాత్రం అందరికీ రాదు. ఈ సంగతి నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు కాబట్టి.

పేర్ల గురించి రాస్తున్నాను కానీ ఇందులో ఒక్క పేరు కూడా రాయను. ఎవరి పేరు ఎలా ఉంటే బాగుంటుందో వాళ్లను అడగకుండానే చెప్పగలనని ఒకప్పుడు గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పుడు ఆ నమ్మకం లేదు.

పేర్ల మోజు ఎలా మారుతూ వచ్చిందో నా నోటికి తెలుసు. నేను చేరిన కొత్తలో ఆడపిల్లల పేర్లు ఎక్కువగా ‘త’తోనో ‘జ’తోనో ముగిసేవి. పిలిస్తే నేరుగా వెళ్లి తగిలేవి. ఆ తర్వాత ‘శ్రీ’ వచ్చింది. ఏ పేరు పెట్టినా దాని వెనక శ్రీ తగిలించకపోతే బిడ్డకు బట్టలు తొడగనట్టు బాధపడేవాళ్లు. ఇప్పుడంతా గాలి. ‘శ’లు, ‘వ’లు, ‘య’లు, చివర సాగే ‘ఆ’. నాలుక ఎక్కడా గట్టిగా తగలకూడదు, పెదాలు గట్టిగా మూతపడకూడదు. ‘ట’ గానీ ‘డ’ గానీ ఉన్న పేరు పెట్టుకున్న ఆడపిల్ల ఈ మధ్య నా చీటీల్లో కనపడలేదు. వినడానికి బాగుంటాయి, కాదనను. కానీ ఒకటి పిలిస్తే ముగ్గురు తల్లులు లేస్తారు. ఒకసారి మరిపెడ నుంచి వచ్చిన ముసలావిడను మనవరాలి పేరేమిటని అడిగితే, “నాకు నోరు తిరగది బిడ్డా, మేం పొట్టిది అంటం” అని చీటీ నా చేతిలో పెట్టింది. సొంత మనవరాలి పేరు పలకలేని నాయనమ్మలు ఈ చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వాళ్లను చూసి నవ్వేదాన్ని. ఆ పేర్లు పెట్టినవాళ్ల మీద కొంచెం కోపం కూడా వచ్చేది.

మా అమ్మది పాతకాలపు పేరు. వర్ధన్నపేట దగ్గర మా ఊళ్లో వాడకు ఒకరిద్దరికైనా ఉండే పేరు. మూడక్షరాలు. నడుమ ‘ల్ల’ దగ్గర నాలుక అంగిలికి ఆనుకుని ఒక్క క్షణం ఆగాలి. చివర ‘మ్మ’ దగ్గర పెదాలు కలవాలి. పలికితే కడుపు నిండా తిని లేచినట్టుంటుంది. ఆ పేరును నేను వినడం కంటే కాగితాల మీద చూడటమే ఎక్కువ. రేషన్ కార్డు మీద, నా హాస్టల్ ఫారం మీద, ఉపాధి హామీ కార్డు మీద. ఇంట్లో నాన్న “ఇన్నవా” అనేవాడు తప్ప పేరు పెట్టి పిలిచేవాడు కాదు. చుట్టాలకు ఆమె అక్కో, వదినో.

నేను మూడో తరగతిలోనే వరంగల్ హాస్టల్‌కు వచ్చేశాను. నాకంటే ఆరేళ్లు చిన్నవాడైన మా తమ్ముడు మాత్రం టెన్త్ దాకా ఊళ్లోనే ఉన్నాడు. బడి లేని రోజు అమ్మ వెంట నాట్లకూ, పత్తి ఏరడానికీ పోయేవాడు. సెలవులకు నేను ఊరికి వెళ్లినా అమ్మ నన్ను పనికి తీసుకుపోయేది కాదు. “నువ్వు ఇంట్ల కూసొని సదువుకో బిడ్డా, ఎండకు నల్లగయితవు” అనేది. ముద్దు చేస్తోందనుకునేదాన్ని. తమ్ముడు కుళ్లుకునేవాడు.

అమ్మ పోయి మూడేళ్లయింది. ఆ మరుసటి ఏడు తమ్ముడి పెళ్లయింది. వాడు వరంగల్‌లో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో మెకానిక్కు. మరదలిది మరిపెడ. ఆమెకు ఏడో నెల ఉండగా ఒక ఆదివారం తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. మాలో బిడ్డకు పేరు పెట్టేది మేనత్త. తొట్టెల నాడు, అంటే పుట్టిన ఇరవై ఒకటో రోజున, మేనత్త బిడ్డను ఒళ్లో పెట్టుకుని చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. ఆ తర్వాతే ఎవరైనా ఆ పేరుతో పిలవాలి. మేనత్తకు చీర పెడతారు.

“నువ్వే పెట్టాలె అక్కా” అన్నాడు తమ్ముడు. “దినాం పేర్లతోనే ఉంటవు. నీ కన్న ఎవలకు తెలుస్తది?”

“ఆడివిల్లయితే అమ్మ పేరే” అన్నాను.

వాడు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “అమ్మ పేరంటే జర పాతగుంటదేమో.”

“గట్లనే పెడ్తనా ఏంది? నాకిడిసిపెట్టు.”

వాడు మిగిలిన చాయ్ తాగి లేచాడు. ఏమైనా అనాల్సింది అప్పుడే.

రెండు నెలలు నాకు అదే ధ్యాస. పేరు కొత్తవాళ్ల చెవికి నచ్చాలి, అందులో అమ్మ కూడా ఉండాలి. ‘ల్ల’ను వదులుకోను, అది అమ్మ. ఆ పేరుకు వయసు మీద పడుతున్నదంతా ‘మ్మ’ దగ్గరే. అది తీసేసి, ‘ల్ల’ మీద గుడి పెట్టి చూశాను. రెండక్షరాలు మిగిలాయి. ఒక్కసారిగా అరవై ఏళ్లు తగ్గి పాపాయి అయిపోయింది. చివర ‘ఇ’ ఉన్న పేరు పలికితే నోరు దానంతటదే నవ్వినట్టు సాగుతుంది. చిన్నపిల్లలకు అలాంటి పేర్లు ముద్దుగా ఉండేది అందుకేనని నా లెక్క. వంట చేస్తూ పిలిచాను. బస్సులో కూర్చుని మనసులో పిలిచాను. ఒకరోజు మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్లాక దవాఖాన హాలులో నిలబడి గట్టిగానే పిలిచాను. గోడకు తగిలి తిరిగొచ్చింది. ఎంత బాగుందో అనుకుని, ఎవరైనా విన్నారేమోనని సిగ్గుపడ్డాను.

ఆడపిల్లే పుట్టింది. మర్నాడు ఆస్పత్రి వరండాలో తమ్ముడికి పేరు చెప్పాను. ఎలా తయారుచేశానో కూడా విడమర్చి చెప్పాను, ఎక్కడ కోశానో, ఎందుకు కోశానో. వాడు కింది పెదవి కొరుక్కుంటూ విన్నాడు. లోపల మంచం మీదున్న మరదలి వైపు ఒకసారి చూశాడు.

“నీ ఇష్టం అక్కా” అన్నాడు.

తొట్టెల మరిపెడలో, మరదలి పుట్టింట్లో జరిగింది. మా ఊరి నుంచి ఆడవాళ్లంతా ట్రాలీ ఆటోలో వచ్చారు. అందరూ అమ్మతో కలిసి నాట్లేసినవాళ్లే. వాళ్లలో అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ కూడా ఉంది. ఆమెను మా ఊళ్లోనే ఇచ్చారు. నేను చీర కొంగు నా తల మీదా పాప మీదా కలిపి కప్పుకుని చెవిలో పేరు చెప్పాను. ఒకటి, రెండు, మూడు. కొంగు తీసి, అందరికీ వినపడేలా మళ్లీ ఒకసారి చెప్పాను, దవాఖాన గొంతుతో.

మరిపెడవాళ్లు “మంచిగుంది, మంచిగుంది” అన్నారు. మా ఊరి ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చిన్నమ్మ లేచి బోళ్లు కడిగే దగ్గరికి పోయింది. అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చిందనుకున్నాను. మిగతావాళ్లు ఎండకు అలిసిపోయారనుకున్నాను. నాకు ఏది బాగుంటే అది అనుకున్నాను. తమ్ముడు పసుపురంగు పట్టుచీర నా చేతుల్లో పెట్టి కాళ్లు మొక్కాడు. ఆ మొక్కడం నేను ఈ రోజుకీ మరిచిపోలేదు. వంగినప్పుడు వాడికి అంతా తెలుసు.

టీకాలకు పాపను మా దవాఖానకే తెమ్మన్నాను. “తెస్తం తెస్తం” అన్నాడు. ఆరువారాల టీకా దాటిపోతోందని ఫోన్ చేస్తే, “మరిపెడల్నే ఏపిచ్చినం అక్కా” అన్నాడు. సరే, బాలింత కదా, తిప్పడం ఎందుకనుకున్నారేమో అని సర్దుకున్నాను.

గురువారం నాకు సెలవు. ఆ తర్వాత ఒక గురువారం తోటి ఆమెకు జ్వరమొచ్చిందని నన్ను పిలిపించారు. వచ్చీ రాగానే లోపల బరువులు చూసే పనిలో పడ్డాను. పది దాటాక చీటీలు తీసుకుని హాలులోకి వచ్చాను. మా చీటీ మీద బిడ్డ పేరు, నెలలు, నంబరు తప్ప ఇంకేమీ ఉండవు. పిలిచేటప్పుడు నేను చీటీనే చూస్తాను, జనాన్ని కాదు.

పదకొండో నంబరు చీటీ చూడగానే ముచ్చటేసింది. గాలి పేర్లలో అది మంచిది. పెదవుల మీద సన్నగా మొదలై, నడుమ ఒక ‘హ’ ఊపిరిలా జారిపోయి, చివర ‘ఆ’ అని నోరు తెరుచుకుంటుంది. ఎవరో చెవి ఉన్నవాళ్లు పెట్టారనుకున్నాను. మామూలుగా నేను ఒక్కసారే పిలుస్తాను. ఆ పేరును రెండుసార్లు పిలిచాను, రెండోసారి కొంచెం సాగదీసి.

మూడో వరుసలో మా తమ్ముడు లేచాడు.

వాడి భుజం మీద మా పాప. పక్కన మరదలు, చేతిలో సంచి. నన్ను చూసి మరదలు లేవబోయి మళ్లీ కూర్చుంది. తమ్ముడు మాత్రం ముందుకు రాలేక, వెనక్కి కూర్చోలేక అలాగే నిలబడ్డాడు. పన్నెండో నంబరు తల్లి వాడిని తట్టి, “పోండ్రి అన్నా, మీదేనట” అంది.

పాప బరువు చూశాను. నా చేతులు వాటి పని అవి చేశాయి. టీకా ఫైలు తెరిస్తే అందులో జనన ధ్రువపత్రం జిరాక్సు ఉంది. పేరు రిజిస్టరు చేయించిన తేదీ తొట్టెల కంటే పన్నెండు రోజులు ముందుది. అంటే నేను కొంగు కప్పుకుని చెవిలో పేరు చెబుతున్న వేళకే ఆ పిల్లకు పేరుంది. ఆ ఇంటివాళ్లందరికీ అది తెలుసు. తెలిసే నాకు పీట వేసి కూర్చోబెట్టారు.

దవాఖాన మెట్ల దగ్గర వాళ్లను పట్టుకున్నాను.

“గురువారం నేనుండననే గదా వచ్చిన్రు” అన్నాను.

మరదలు తల దించుకుంది. “డాక్టరమ్మ మంచిగ చూస్తదని ఈడికే తెచ్చినం. చెప్దామనే అనుకున్నం వదినె. ఈయననే రేపు మాపు అనుకుంట దినాలు గడిపిండు.”

“ఎప్పుడు చెప్దామనుకున్నవు తమ్మీ? దాని లగ్గమప్పుడా?”

“జర మెల్లగ అక్కా, మంది చూస్తాన్రు” అన్నాడు తమ్ముడు. “కాయిదాల మీద గా పేరు ఉండనీ. పలుకుతందుకు మంచిగుంటదని పెట్టినం.”

“అమ్మది పలుకుతందుకు మంచిగ లేదా?”

వాడు పాపను ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. ఆ మర్నాడు చీర తీసుకెళ్లి, వాళ్లు లేని సమయం చూసి, వాళ్లింటి గేటుకు తగిలించి వచ్చాను. చేతికివ్వడానికి కూడా మనసొప్పలేదు.

పేరు నచ్చకపోతే నచ్చలేదనాలి. నాతో కొట్లాడాలి. చిన్నప్పుడు సెలవుల్లో రబ్బరు ముక్క కోసం కూడా జుట్లు పట్టుకున్నవాళ్లమే మేము. అంతేగానీ, బిడ్డను ఒళ్లో పెట్టి, మూడుసార్లు చెప్పనిచ్చి, చుట్టూ నిలబడి చూడటమేమిటి? పండగకు వచ్చిన చుట్టానికి రెండు పాటలు పాడమని, పాడుతుంటే ఓపిక పట్టినట్టు ఓపిక పట్టారు నా మీద. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. వాళ్లు పెట్టిన పేరు నాకు నచ్చింది. నేనే పిలిచి, నేనే మురిసిపోయి, నేనే మోసపోయాను. దాన్ని తలుచుకుంటేనే ఎక్కువ మండేది.

ఐదు నెలలు మాటల్లేవు. వాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కోపం మోసి మోసి ఇక లాభం లేదని, ఒక ఆదివారం ఊరికి చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. తీర్పు కోసం కాదు. నా వైపు ఒక్కరైనా ఉంటే చాలనిపించింది.

చిన్నమ్మ వాకిట్లో పత్తి ఎండబోస్తోంది. పని ఆపకుండానే అంతా విన్నది.

“అమ్మ పేరుకు సిగ్గువడ్డడు చిన్నమ్మా వాడు” అన్నాను చివరికి. ఆ మాట అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

“ఆడు సిగ్గువడలే బిడ్డా. నువ్వు పెట్టింది మీ అమ్మ పేరు గాదు.”

“అమ్మదే. చివరిది తీసేసి జర చిన్నగ చేసిన, అంతే.”

“గదే నేననేది. చివరిది తీసేసి పిలిచేదెవలు?”

నాకు అర్థం కాలేదు. చిన్నమ్మ నా మొహంలోకి చూసింది, నిజంగానే తెలియదా అన్నట్టు. చేతిలోని పత్తి చాప మీద వేసి లేచింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, గడ్డం పైకెత్తి, మా పాత ఇంటి వైపు తిరిగి ఒక్క కేక పెట్టింది. నేను పెట్టిన పేరే. ముందు ఒక ‘ఏయ్’ ఉంది. చివరి ‘ఇ’ని పైకి లాగి టక్కున తెంపింది. నా వంటింట్లో, ఆ ఖాళీ హాలులో నేను పిలిచిన రెండక్షరాలే అవి. అందులో ముద్దు లేదు, పాపాయి లేదు. చేలో పడ్డ గొడ్డును అదిలించే గొంతు అది.

“పనికి పోతే పెద్దింటోళ్లు గట్ల పిలుస్తుండె” అంది చిన్నమ్మ, మళ్లీ కూర్చుంటూ. “పెండ తియ్యనీకి, వడ్లు చెరుగనీకి, అన్నిటికి. ఆల్ల మనుమరాలు, ఐదేండ్ల పొల్ల, అది గూడ గట్లనే. ‘మ్మ’ అనేది ఆల్లింటి ఆడోళ్లకే. మాకు సగమే. నేనైతే పోనీలే అనుకుందును. మీ అమ్మకు అది చెవులవడితే ఒళ్లంత మండేది. నీ పేరు ఎవలు పెట్టిన్రనుకున్నవు? నీ బళ్లె సారును అడిగింది, ఏడ తెంపినా తెగని పేరొకటి చెప్పు సారూ అని.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్పొద్దన్నది. హాస్టల్ల సదువుకునే పిల్ల, దాని చెవులవడొద్దన్నది. గందుకే నిన్ను పనికి తోలుకపోకపోయేది. తమ్మునితోని గూడ ఒట్టేపిచ్చుకున్నది.”

“తొట్టెల్ల మీరందరు విన్నరు గదా. ఒక్కలన్న నన్ను ఆపకపోతిరి.”

“నువ్వు గంత సంబురపడుతాంటె ఎవలు చెప్తరు బిడ్డా” అంది చిన్నమ్మ.

తిరుగు బస్సులో నాకు తమ్ముడి మీద కోపం గుర్తుకు రాలేదు. అమ్మ మీద వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని నాకు తెలియదు. ఊరందరికీ తెలిసిన దాన్ని, పొలానికి పోయిన ఆరేళ్ల కొడుకుకు తెలిసిన దాన్ని, కడుపున పుట్టిన ఆడపిల్లకు తెలియకుండా దాచింది. నన్ను ఎండ నుంచి కాపాడుతోందనుకున్నాను. నా చెవుల నుంచి తనను కాపాడుకుంది. వాడికి అసలు అమ్మను ఇచ్చింది. నాకు రేషన్ కార్డు మీది అమ్మను ఇచ్చింది. ఆ కాగితం మీది పేరు పట్టుకునే నేను కత్తిరించాను, సరిగ్గా వాళ్లు కత్తిరించిన చోటే.

బస్సు దిగి నేరుగా తమ్ముడి ఇంటికి పోయాను. మరదలు బయటికెళ్లింది. వాడు చాప మీద పడుకుని పాపను కడుపు మీద కూర్చోబెట్టుకున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

“చిన్నమ్మ చెప్పింది” అన్నాను గడపలోనే నిలబడి.

వాడు తల ఊపాడు.

“అమ్మకు ఒట్టేసినవు, సరే. అమ్మ పోయింది గదా. నాకొక్కదానికి చెప్తే ఏమైతుండె?”

“ఆస్పత్రిల నువ్వు పేరు చెప్పంగనే నాకు నోరు రాలే అక్కా.”

“నోరు రాలే గని, పోయి వేరే పేరు రాపిచ్చుడైతే వచ్చింది.”

“ఆ” అన్నాడు. క్షమించమని వాడు అడగలేదు, నేను అడిగించనూ లేదు. లోపలికి వచ్చి కూర్చోమని కూడా అనలేదు.

“నేను చెవుల చెప్తాన్నప్పుడు నువ్వు నా పక్కనే నిలవడ్డవు” అన్నాను. “ఏమనుకున్నవు? పిచ్చిదనుకున్నవా?”

వాడు పాపను ఛాతీకి ఆనించుకుని వీపు నిమిరాడు.

“మూడుసార్లు అన్నవు” అన్నాడు. “పాప కన్ను గూడ తెరువలే. నాకు పానం కుదుటవడ్డది అక్కా. అమ్మయితే మొదటిసారికే చేతుల అన్నం బుక్క ఇడిసిపెట్టి ఉరికేది.”